ఆ గొంతు మా ఇంటిది

ముందుగదిలో కట్టిన తాళ్ళ మీద పోస్టర్లు ఆరుతున్నాయి. తడి సిరా వాసనకి పొద్దున మొదలైన అత్తగారి దగ్గు ఇంకా ఆగలేదు.

"ఇంకో నాలుగు వరసలు లాగితే అయిపోతుంది," అన్నాడు పెద్దకొడుకు, రబ్బరు పలకతో చట్రం మీది ఎర్రసిరాని తన వైపుకి లాక్కుంటూ. "మందిరం తాళాలాయన సాయంత్రం తనే వస్తానన్నాడు. అప్పటికి చేతికి అంటకుండా ఆరాలి."

"గోడకి అంటించేది చేతికి అంటితే మాత్రం ఏం?" అంది అత్తగారు మంచం మీంచి. "చేసినవాళ్ళెవరో నలుగురికీ తెలుస్తుంది."

ఆ మాట ఎవరికి తగలాలని అన్నదో తేలలేదు. పెద్దకొడుకు నవ్వాడు. పెద్దకోడలు నవ్వలేదు.

ఆమె ఆరిన పోస్టరొకటి తీసి బల్ల మీద పరిచింది. అరచేయంత అక్షరాలు. "మన పాట అవతలి వాళ్ళింట్లోనా? ఆ గొంతు ఎవరిది?" కింద సీరియల్లో నాయిక ముఖం, దాని మీద అడ్డంగా లావుపాటి గీత. ఆ రెండు వాక్యాలూ ఆమె రాసినవే. మందిరం తాళాలు చూసుకునే పెద్దమనిషి పనిగట్టుకుని వచ్చి, "మీ మాట పదునుగా ఉంటుందమ్మా, మీరే రాసివ్వండి," అంటే రాసిచ్చింది.

ఆ గొంతు ఎవరిదో అప్పటికే ఆమెకి తెలుసు.

మొన్న బుధవారం సాయంత్రం వీధిలో ఇంటింటా అదే సీరియల్ నడుస్తోంది. మందిరంలో పెరిగిన పిల్ల అవతలి మతం కుర్రాణ్ణి చేసుకోవాలనుకునే కథ. ఆ రోజు ఆ పిల్ల కుర్రాడి వంటింటి కిటికీ దగ్గర నిలబడి పొద్దుపాట పాడింది. మందిరంలో తెల్లవారుజామున తప్ప ఇంకెక్కడా నలుగురి ముందు పాడని పాట అది. తెర మీది అమ్మాయికి ఈ భాషే రాదు, పెదవులు కదిపిందంతే. బొమ్మ ఒకరిది, గొంతు ఇంకొకరిది.

అప్పుడు పెద్దకోడలు మేడమీద బట్టలు తీస్తోంది. నాలుగు కిటికీల్లోంచి ఒకేసారి ఆ పాట వచ్చింది. కింద కుళాయి దగ్గర పోట్లాడుకుంటున్న ఇద్దరాడవాళ్ళు మాట ఆపేశారు. సైకిలు మీద పోతున్నాయన ఒక కాలు నేల మీద ఆన్చి నిలబడిపోయాడు. మొదటి మాటకే ఆమెకి తెలిసిపోయింది. చేతిలో దుప్పటి అలాగే పట్టుకుని చివరిదాకా వింది.

పద్దెనిమిదేళ్ళుగా మందిరంలో ఆడవాళ్ళ వైపు మొదటి పీట ఆమెది. పొద్దుపాట ఎత్తుకునే మనిషి కూర్చునే పీట అది. ఆమె పాడుతుంటే ఇంతవరకూ ఒక్క సైకిలు ఆగలేదు.

ఆ సాయంత్రమే ఆమె ఒక ఉత్తరం రాసి మందిరం పెట్టెలో వేసి వచ్చింది. కింద "ఒక భక్తురాలు" అని పెట్టింది. గొంతు సంగతి రాయలేదు. పాటకి జరిగిన అవమానం గురించి మాత్రమే రాసింది. ఆ పాట ఆగిపోవాలి, అంతే ఆమె కోరుకున్నది.

నాలుగు రోజుల్లో ఆ ఉత్తరం ఊరేగింపయింది. ఊరేగింపు రాళ్ళయింది.

వీధి తలుపు తెరుచుకుంది. చిన్నకోడలు తాళ్ళ కింద తల వంచుకుని లోపలికి వచ్చింది. ఒక పోస్టరు తడిమూల చెంపకి రాసుకుని ఎర్రటి గీత పడింది. ఆమె చూసుకోలేదు.

"పెందలాడే వచ్చేశావేంటమ్మా?" అన్నాడు పెద్దకొడుకు.

"స్టూడియో మూసేశారు బావగారూ. నిన్న రాళ్ళు పడ్డాయిగా. కాపలా తాతకి నుదుటి మీద ఐదు కుట్లు వేశారు."

"ఆ తాత... అవతలాయన కదూ?"

"అవతలాయనే. అందుకే గుమ్మంలో పడిపోతే పక్క కొట్టువాళ్ళు కూడా లేపలేదట. మా సౌండాయన వెళ్ళి లేపాడు."

పెద్దకొడుకు రబ్బరు పలక ఆపాడు. ఏదో అనబోయి, చట్రం మీద ఎండిపోతున్న సిరాని చూసి మళ్ళీ లాగాడు. ఆయన మనసు చెడ్డది కాదు. కాకపోతే చేతిలో పనుంటే మనసుని పక్కగదిలో కూర్చోబెడతాడు.

"మన కాగితాలాయన కూడా రెండు రోజులుగా రావట్లేదు," అన్నాడు కాసేపటికి. "ఫోనెత్తడు. ఉన్న కట్టలతోనే నెట్టుకొస్తున్నాను."

"ఎలా వస్తాడు?" అంది అత్తగారు. "ఆయన మోసుకొచ్చిన కాగితం మీదే ఆయన్ని తిట్టి, ఇంకో కట్ట తెమ్మంటే తెస్తాడా?"

"అమ్మా, నేనెవర్నీ తిట్టలేదు. అచ్చేస్తున్నానంతే."

"అవున్రా. కత్తికేం తెలుసు పాపం."

పెద్దకొడుకు మాట మార్చడానికి చిన్నకోడలి వైపు తిరిగాడు. "మరి నీ ఉడుత సంగతేంటి? స్టూడియో మూస్తే పిల్లలు ఊరుకుంటారా?"

చిన్నకోడలు పిల్లల బొమ్మల కార్యక్రమంలో ఉడుతకి గొంతిస్తుందని ఆయనకి తెలుసు. అంతకు మించి తెలియదు. టీవీ ముందు రెండు నిమిషాలు కూర్చుంటే ఆయనకి నిద్రొస్తుంది.

"ఉడుతక్కూడా సెలవే బావగారూ," అని ఆమె తాళ్ళ మీది పోస్టర్ని ఒకసారి పైనుంచి కిందిదాకా చదివింది. తర్వాత పెద్దకోడలి వైపు చూడకుండానే అంది, "అక్కా, ఒకసారి లోపలికి వస్తావా?"

వంటింట్లో కుళాయి సరిగ్గా కట్టక బకెట్లో చుక్కచుక్కగా పడుతోంది. పెద్దకోడలు కడిగిన గిన్నెలు తుడవడం మొదలుపెట్టింది. చిన్నకోడలు తలుపు దగ్గరికి వేసింది.

"నీకు తెలుసు కదా," అంది.

"ఏం తెలుసు?"

"అక్కా."

పెద్దకోడలు తుడిచిన గిన్నెనే మళ్ళీ తుడిచింది. "మొదటి మాటకే తెలిసింది," అంది చివరికి.

"మరి ఇన్నాళ్ళూ ఒక్క మాటా అనలేదేం?"

"ఏమనమంటావు? బాగా పాడావనా?"

"అంటే అరిగిపోతావా?"

కుళాయి నాలుగైదు చుక్కలు రాల్చింది.

"అది పొద్దుపాట," అంది పెద్దకోడలు. "నీ ఉడుత పాట కాదు. మందిరం గుమ్మం దాటకూడదని చిన్నపిల్లలకి కూడా తెలుసు."

"అత్తయ్య బట్టలుతుకుతూ పాడేవారు. నువ్వు రోజూ ఇల్లు ఊడుస్తూ పాడతావు. చీపురుకి లేని మైల సీరియల్‌కి వచ్చిందా?"

"ఇల్లు వేరు."

"అవును, వేరే. ఇంట్లో పాడితే ఎవరూ వినరు."

పెద్దకోడలు గిన్నె బోర్లించింది. కావాలనుకున్న దానికన్నా గట్టిగా చప్పుడైంది. ముందుగదిలో అత్తగారి దగ్గు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదలైంది.

"అవతలి వాళ్ళ వంటింట్లో నిలబడి పాడాల్సి వచ్చిందా?"

"నేను నిలబడింది చిన్న గదిలో అక్కా. గోడలకి గోనెపట్టాలు కట్టి ఉంటాయి. ఎదురుగా మైకు, ఒక కుర్చీ. నాకు ఎవరి వంటిల్లూ కనబడలేదు. ఆ పిల్ల ఏడుపు ఆపుకుంటూ పాడాలి అన్నారు. పాడాను."

పెద్దకోడలికి అడగాలని లేని ప్రశ్న ఒకటి నాలుక చివర ఉంది. నాలుగు రోజులుగా మింగుతోంది. ఇప్పుడు మింగుడు పడలేదు.

"ఎన్నిసార్లు పాడించారు?"

"ఒక్కసారే."

మూడేళ్ళ కిందట మందిరం వాళ్ళు పొద్దుపాటని రికార్డు చేయించినప్పుడు పెద్దకోడలు పదకొండుసార్లు పాడింది. పదకొండింటినీ ముక్కలుముక్కలుగా అతికి ఒక పాట చేశారు. అతుకులు కనబడవని అందరూ అన్నారు. అంతకుమించి ఎవరూ ఏమీ అనలేదు.

"మన ఇంటి విరుపు ఉంచావే," అంది పెద్దకోడలు. "'వెలుగు' మధ్యలో. అది కూడా మీ వాళ్ళు పాడమన్నారా?"

"సౌండాయన ఆ ఊపిరి కోసేద్దామన్నాడు. నేనే వద్దన్నాను."

"ఎందుకు?"

"అది తీసేస్తే పాట ఎవరిదో తెలియకుండా పోతుందిగా."

"తెలియకపోతేనే కదా నీకు మంచిది?"

"అప్పుడు రాళ్ళు పడతాయని తెలియదుగా అక్కా." చిన్నకోడలు గోడకి ఆనుకుంది. "అసలు మొదటి రోజు ఎవరూ ఏమీ అనలేదు, తెలుసా? తాళాలాయన భార్య రెండోసారి పెట్టించుకుని మరీ విందట. ఆ ఉత్తరం రాకపోతే ఇదంతా లేదు. ఎవరో భక్తురాలట. ఆ మహాతల్లి ఎవరో తెలిస్తే బాగుండు. ఆ తాత కుట్లు చూపించేదాన్ని."

పెద్దకోడలు తుడిచే గుడ్డని పిండింది. అందులో నీళ్ళు లేవు.

"నీకేం కావాలి?" అంది.

"నా పేరు నీ నోటివెంట రాకూడదు. అంతే. బయటపడితే మందిరం ఇంటిల్లిపాదినీ వెలేస్తుంది. బావగారి అచ్చుపని ఉండదు. మా ఆయన లారీ సరుకు దింపి ఇంటికొచ్చేసరికి, నీ పెళ్ళాం వల్ల ఇల్లు మునిగిందని అందరూ అంటారు. ఆయన మంచివాడే, కానీ అన్నయ్య మాట ముందు నా మాట నిలబడదు. నాకు ఈ ఇల్లు తప్ప ఇంకో ఇల్లు లేదక్కా."

"నా నోటివెంట రాదు."

"ఒట్టు?"

"రాదన్నానుగా."

ఆ మాట ఇవ్వడం పెద్దకోడలికి ఏమాత్రం కష్టం కాలేదు. వీధి వీధంతా ఆగి విన్న పాట చిన్నకోడలిదని చెప్పడానికి ఆమెకి ఎలాగూ నోరు రాదు.

చిన్నకోడలు బరువు దిగినట్టు ఊపిరి వదిలింది. అప్పుడు పెద్దకోడలికి ఆ చెంప మీద గీత కనబడింది. గుడ్డ తడిపి దగ్గరికి వెళ్ళి, గడ్డం పట్టుకుని తుడిచింది. చిన్నకోడలు చిన్నపిల్లలా ముఖం పైకెత్తి నిలబడింది. సిరా పోలేదు. ఇంకా పరుచుకుంది.

ఆ ముఖం ఇలా ఎత్తి పెట్టుకుని మొదటిసారి మందిరంలో తన పక్కన నిలబడ్డ రోజు ఆమెకి గుర్తుంది. కొత్తకోడలు. పెళ్ళయి నెల కూడా కాలేదు. పాట మూడో చరణంలో ముందువాళ్ళ తలలు ఒక్కొక్కటే వెనక్కి తిరిగాయి. తిరిగింది తన వైపు కాదు. ఇంటికొచ్చాక, "నీది సన్నగొంతు, వరసలో కలవదు, నువ్వు వెనక కూర్చో," అంది తను. చిన్నకోడలు ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా ఆఖరి వరసకి వెళ్ళిపోయింది. నాలుగేళ్ళయింది. ఆ రోజు నుంచి మందిరంలో నోరు విప్పలేదు.

అక్కడ మూసిన గొంతు ఇంకో దారి వెతుక్కుంటుందని పెద్దకోడలు అనుకోలేదు.

ఎండ గోడ మీంచి దిగిపోకముందే తాళాల చప్పుడు వినిపించింది. ఆయన కన్నా ముందు ఆయన నడుముకి వేలాడే గుత్తి గుమ్మం ఎక్కుతుంది. వెనకాల ఇంకొకరున్నారు. పెద్దకొడుకు రబ్బరు పలక పట్టుకునే లేచి నిలబడ్డాడు.

గురువుగారు ఎవరింటికీ రారు. ఆయన ఒక గడప తొక్కారంటే ఆ ఇంట్లో పెళ్ళో చావో అయి ఉండాలి.

"రండి, రండి. కబురు పెడితే నేనే వచ్చేవాణ్ణి కదా," అంటూ పెద్దకొడుకు కుర్చీ మీది కాగితాలు దించాడు. "పోస్టర్లు ఇంకా కాస్త తడిగా ఉన్నాయి."

"పోస్టర్ల కోసం రాలేదు," అన్నాడు తాళాలాయన. గొంతులో వెనకటి మర్యాద లేదు.

గురువుగారు కూర్చోలేదు. తాళ్ళ కింద వంగి గది మధ్యకి వచ్చి, అత్తగారి మంచం దగ్గర ఆగారు. "ఎలా ఉన్నారమ్మా?"

"ఊపిరి అప్పుడప్పుడూ వచ్చి పలకరించి పోతోంది. మీ దయ."

తాళాలాయన ఫోను తీశాడు. "ఛానలు వాళ్ళు పేరు చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా. మేం కూర్చుని పదిసార్లు విన్నాం. వినండి."

పాట ముందుగదిలోకి వచ్చింది. చిన్న ఫోనులోంచి, గరగరల మధ్య నుంచి వచ్చినా గది అంచులదాకా నిండింది.

తలుపు తెరువవే పొద్దూ, నీ వె... లుగు నా గడప దాక రానీ.

"ఇదిగో, ఇక్కడ." తాళాలాయన ఆపాడు. "వెలుగు అనే మాట పూర్తయ్యాక ఎవరైనా ఊపిరి తీసుకుంటారు. మాట మధ్యలో విరిచి తీసుకునేది ఒక్క ఇల్లే."

పెద్దకొడుక్కి అర్థం కావడానికి కొంచెం టైం పట్టింది. "అంటే?"

"ఆ విరుపు నాది," అంది అత్తగారు. అందరూ అటు తిరిగారు. "ఉబ్బసంతో ఊపిరందక అక్కడ ఆగేదాన్ని. రోగాన్ని రాగమనుకుని మీరంతా ముప్పై ఏళ్ళు తలలూపారు. నా వెనక పాడినవాళ్ళు అదే నేర్చుకున్నారు. తప్పంటే నాదే. పట్టుకుపోదలిస్తే నన్ను పట్టుకుపొండి. మంచంతో సహా."

తాళాలాయన ముఖం చిట్లించుకున్నాడు. గురువుగారు మాత్రం చిన్నగా నవ్వారు. "మీ గొంతు నాకు తెలుసమ్మా. ఇది మీది కాదు."

అని ఆయన నెమ్మదిగా తిరిగి పెద్దకోడలి వైపు చూశారు.

పెద్దకొడుకు నోరు తెరిచాడు. "మా ఆవిడా? గురువుగారూ, ఈ పోస్టరు మీద మాటలు రాసిందే మా ఆవిడ."

"దొంగే ముందుగా దొంగ దొంగ అని అరవడం కొత్తేం కాదులే," అన్నాడు తాళాలాయన.

"మీరు నోరు జారకండి. పద్దెనిమిదేళ్ళుగా..." పెద్దకొడుకు భార్య వైపు తిరిగాడు. "నువ్వు మాట్లాడవేం? నీది కాదని చెప్పు."

చెప్పడానికి ఆమె నోరు తెరిచింది. నాది కాదు. రెండు మాటలు. ఆ తర్వాత మరి ఎవరిదంటారు. చెప్పనంటే సరిపోతుంది. ఇచ్చిన మాట నిలబడుతుంది, తన పీట తనకుంటుంది.

"ఒక్క నిమిషం తల్లీ," అన్నారు గురువుగారు. "నువ్వేదైనా చెప్పేముందు నా మాట విను."

ఆయన ఎప్పుడూ గొంతు పెంచరు. గది మొత్తం ఆయన మాట కోసం కొంచెం ముందుకి వంగినట్టయింది.

"ఇన్నేళ్ళుగా నీ పాట వింటున్నాను. నువ్వు తప్పు పాడవు. ఒక్కసారి కూడా పాడలేదు. కానీ ఇది విన్నప్పటినుంచి నాకు కుదురు లేదు. ఇంత పాట నీలో ఉండి, మా ముందు ఎందుకు దాచావు? మేమేం తక్కువ చేశాం నీకు? తెల్లవారకుండా లేచి వచ్చి నీ ముందు కూర్చునేది మేము. ఇది మాత్రం తీసుకెళ్ళి పరాయి వాళ్ళకిచ్చావు." ఆయన ఆగారు. "మనవాళ్ళు రాళ్ళెందుకు వేశారో నాకు తెలియదు. వేసినవాళ్ళని నేను మెచ్చుకోను. నా బాధ మటుకు ఇది."



మందిరంలో పాడినవాళ్ళని ఎవరూ మెచ్చుకోరు. అక్కడి నియమమే అది. పాట దేవుడిది, గొంతు అద్దెది అంటారు. అందుకని పద్దెనిమిదేళ్ళుగా ఆమె పాడి, పీట దిగి, చెప్పులేసుకుని ఇంటికొచ్చి పొయ్యి వెలిగించేది. బాగుంది అన్న ఒక్క మాట కోసం చెవులు ఎంత ఆకలిగా ఉన్నాయో ఆమెకే తెలియదు. ఇప్పుడు గురువుగారంతటి మనిషి తన ఇంటి గదిలో నిలబడి, తన కళ్ళలోకి చూస్తూ, నీ పాట విన్నాక కుదురు లేదు అంటున్నారు.

నాది కాదు అంటే ఆ మాట ఇంకొకరి ఒళ్ళో పడుతుంది.

వంటింటి గుమ్మంలో చప్పుడైంది. చిన్నకోడలు టీ కప్పుల ట్రేతో అక్కడే నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు. తన మూలంగా అక్క మీద నింద పడుతోందన్న భయం ఆ ముఖంలో స్పష్టంగా ఉంది.

"గురువుగారూ," అంది వణుకుతున్న గొంతుతో. "అది అక్క కాదు, అది..."

"నాదే," అంది పెద్దకోడలు.

పెద్దకొడుకు చేతిలో రబ్బరు పలక జారి చట్రం మీద పడింది. ఎర్రసిరా అతని కాళ్ళ మీద చిందింది.

"ఏంటి నువ్వనేది?"

"గొంతు నాదే. నేనే పాడాను." ఆమె గురువుగారినే చూస్తూ చెప్పింది. "ఒక్కసారే పాడాను."

అత్తగారు పెద్దకోడలి వైపు చాలాసేపు చూసింది. దగ్గొచ్చినా దగ్గలేదు. తర్వాత ముఖం గోడ వైపు తిప్పుకుంది.

పెద్దకొడుకు కళ్ళలో మొదట కోపం వచ్చింది. తర్వాత ఇంకేదో వచ్చింది. గుమ్మంలో ఉన్న మరదలినీ, భార్యనీ మార్చి మార్చి చూశాడు. ఉడుత, స్టూడియో, మైకు అతని బుర్రలో ఒకదాని పక్కన ఒకటి చేరుతున్నాయి. చెల్లెలి లాంటి దాని కోసం నింద నెత్తిన వేసుకుంటున్న భార్యని చూస్తున్నాననుకున్నాడు కాబోలు, అతని కళ్ళు చెమ్మగిల్లాయి. పెద్దకోడలు ఆ చూపు భరించలేక తల తిప్పుకుంది.

తిప్పుకుంటే ఎదురుగా చిన్నకోడలు.

మొదటి క్షణం ఆమె ముఖంలోనూ అదే చెమ్మ కనబడింది. రెండో క్షణానికి ఆరిపోయింది. "ఒక్కసారే పాడాను" అన్న మాట దగ్గర ఆరిపోయినట్టుంది. తన గుడ్డలు కట్టుకుని ఎవరో వీధిలో దర్జాగా నడిచిపోతుంటే చూస్తున్న మనిషిలా చూసింది.

"ఒప్పుకుందిగా," అన్నాడు తాళాలాయన. "ఇంక నేను చెప్పేదేం లేదు. కమిటీ చెబుతుంది."

"కమిటీ దాకా వద్దు," అన్నారు గురువుగారు. "ఇంటిని వెలెయ్యడం నాకిష్టం లేదు. ప్రార్థన రోజున వచ్చి అందరి ముందూ నిలబడమ్మా. జరిగింది చెప్పి, ఇదే పాట పాడు. ఇలాగే పాడాలి. బయట పాడినట్టే మా మధ్య పాడితే ఆ మైల అక్కడితో పోతుంది. తర్వాత పీట దిగిపో. కొన్నాళ్ళు వెనక కూర్చో."

ఇలాగే. పెద్దకోడలికి తన పదకొండు ముక్కల పాట గుర్తొచ్చింది.

"మరి పొద్దుపాట ఎవరెత్తుకుంటారండీ?" అన్నాడు తాళాలాయన.

"ఇంటి పాట ఇంట్లోనే ఉండాలి." గురువుగారు గుమ్మం వైపు చూశారు. "రెండో కోడలుందిగా."

"అది పాడదండీ," అంది పెద్దకోడలు. మాట తనకన్నా ముందు పరిగెత్తింది. "దానిది సన్నగొంతు. వరసలో కలవదు."

"అలా ఎవరన్నారక్కా?" అంది చిన్నకోడలు.

గొంతులో వణుకు లేదు. అరుపూ లేదు. అందుకే అందరికీ స్పష్టంగా వినిపించింది.

"అమ్మాయ్," అంది అత్తగారు గోడ వైపు తిరిగే. "కప్పులిచ్చి లోపలికి పో."

చిన్నకోడలు వెళ్ళలేదు.

"నీకు పాట వచ్చా తల్లీ?" అడిగారు గురువుగారు.

"వచ్చండి. అత్తయ్య నేర్పారు." ఆమె పెద్దకోడలి మీంచి చూపు తిప్పలేదు. "ఇప్పుడే వినిపించనా?"

ఆమె నోరు విప్పితే ఏమవుతుందో ఆ గదిలో తాళాలాయనకి, గురువుగారికి తప్ప అందరికీ తెలుసు. పెద్దకొడుకు చెయ్యెత్తి వద్దు అన్నట్టు ఊపాడు. గంట కిందట, నాకు ఇంకో ఇల్లు లేదక్కా అన్న మనిషే ఇది. ఇప్పుడు ఆ ఇంటిని పణం పెట్టి నిలబడింది.

"పాడమ్మా," అని గురువుగారు కళ్ళు మూసుకున్నారు.

పెద్దకోడలికి రాళ్ళు గుర్తు రాలేదు. వెలి గుర్తు రాలేదు. మేడమీద దుప్పటి పట్టుకుని నిలబడ్డ సాయంత్రం గుర్తొచ్చింది. అది ఇంకోసారి వినడం ఆమె వల్ల కాదు. ఆ మనిషి ముందు, ఆ మూసుకున్న కళ్ళ ముందు అసలు కాదు.

చిన్నకోడలి పెదవులు విడివడేలోపే పెద్దకోడలు పాట ఎత్తుకుంది.

తలుపు తెరువవే పొద్దూ.

శ్రుతి తప్పలేదు. మాట తప్పలేదు. విరవాల్సిన చోటే విరిచి, తీసుకోవాల్సిన చోటే ఊపిరి తీసుకుంది. ఎప్పటిలాగే, ఒక్క తప్పు కూడా లేకుండా మొదటి వరస పూర్తి చేసింది.

గురువుగారు కళ్ళు తెరిచారు.

ఆయన చూసింది పాడుతున్న మనిషిని కాదు. గుమ్మంలో ట్రే పట్టుకుని నోరు మెదపకుండా నిలబడ్డ మనిషిని.